పొద్దున పూట తెరుచుకోని ఫైళ్ళు

మా పాత ఆఫీసులో ఇప్పుడు పనిచేస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "సార్, షేరింగ్ ఫోల్డరు తెరుచుకోవట్లేదు. ఒకటి విండోస్, ఒకటి మాక్. అన్నీ చూసేశాం" అంటారు. రిటైరయ్యాక కూడా నన్ను అడుగుతున్నారంటే లోపల సంతోషమే. పైకి మాత్రం కాస్త విసుక్కుంటాను, పెద్దరికం నిలబెట్టుకోవాలి కదా. ఆ "అన్నీ చూసేశాం" దగ్గర మాత్రం నాకు నవ్వాగదు. సరిగ్గా అదే మాట అనుకుంటూ నేను బెజవాడ పటమటలో ఒక ప్రెస్సు మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్న రోజొకటి ఉంది. ఆ సంగతి వాళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పాను గానీ, మొదటినుంచీ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు తీరిక ఉంది కాబట్టి చెబుతాను.

నాది నెట్‌వర్కు సర్వీసు ఉద్యోగం. బెజవాడలో చిన్న కంపెనీ. షాపుల్లో, ఆస్పత్రుల్లో, రైసుమిల్లుల్లో ఉన్న కంప్యూటర్లు ఒకదాని ఫైళ్ళు ఒకటి చదువుకునేలా చూడటం మా పని. మా ఇల్లు కంకిపాడులో. పొద్దున్నే స్కూటర్ మీద బయలుదేరి, సంచీలో కేబుళ్ళు వేసుకుని ఊరంతా తిరిగేవాణ్ణి. మన వైపు ఈ ఉద్యోగం చేసేవాడికి కంప్యూటర్ల కంటే ముందు ఎలుకలు తెలియాలి. మిల్లుల్లో ఊక దుమ్ము, కాలవ గట్ల మీది ఆఫీసుల్లో చెమ్మ, స్విచ్చి పెట్టె తెరిస్తే లోపల వెచ్చగా పడుకున్న బల్లి. గుణదల తిరునాళ్ళ రోజుల్లో ఆ పక్క నుంచి కాల్ వచ్చిందంటే స్కూటర్ ఎక్కడో వదిలేసి జనంలో నడుచుకుంటూ పోవాల్సిందే. కష్టమైన ఉద్యోగం అని చెప్పను. వెళ్ళిన ప్రతిచోటా కాఫీ ఇచ్చేవాళ్ళు, భోజనం టైమైతే "తిని వెళ్ళండి" అనేవాళ్ళు. నా షుగరుకి సగం కారణం ఆ మర్యాదలే.

ఆ ప్రెస్సు కాలెండర్ల ప్రెస్సు. ఎరువుల కొట్లు, బంగారం షాపులు, చేపల మేత డీలర్లు తమ పేరు వేయించుకుని ఖాతాదారులకి పంచిపెట్టే కాలెండర్లు. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అన్నీ ఉండేవి. దసరా వెళ్ళిందంటే అక్కడ సీజను మొదలు. కొత్త సంవత్సరం వచ్చేలోపు కట్టలన్నీ గుడివాడ, అవనిగడ్డ, కైకలూరు, బందరు బస్సులెక్కి వెళ్ళిపోవాలి. జనవరి దాటాక ఆ కాగితం పిల్లల పుస్తకాలకి అట్టలేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ప్రెస్సు యజమాని నడివయసు మనిషి. తండ్రి పెట్టిన ప్రెస్సుని ఆయన పెద్దది చేశారు. ఆ తండ్రి కాలం నుంచీ ఉన్న మేనేజరు గారు ఇంకా అక్కడే ఉన్నారు. ఆయన వయసుకి ఇంకెక్కడైనా ఎప్పుడో ఇంటికి పంపేసేవాళ్ళు. యజమాని ఆయన్ని చిన్నప్పటి నుంచీ "బాబాయ్" అని పిలవడంతో ప్రెస్సులో అందరికీ ఆయన బాబాయిగారే. నాకూ అంతే.

బాబాయిగారు పద్ధతి మనిషి. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, తన గదిలో దేవుడి పటాల ముందు దీపం పెట్టి, అగరొత్తి పొగ అచ్చు మెషీన్లన్నిటికీ చూపించేవారు. మేము పెట్టిన సర్వర్ కంప్యూటరు కూడా ఆ గదిలోనే, పటాల కిందే ఉండేది. ప్రెస్సు ఫైళ్ళన్నీ దాంట్లోనే కాబట్టి దానికీ బొట్టు పెట్టారు. తర్వాత గోడ గడియారాలకి కీ ఇచ్చి సరిచూసేవారు. ఒకప్పుడు కాలెండర్ కట్టలు బస్సు తప్పిపోయి, కైకలూరు డీలరు లోడంతా తిప్పి పంపాడట. అప్పటినుంచీ ఆ ప్రెస్సులో గడియారాలు పది నిమిషాలు ముందే నడిచేవి. ఇందులో వింతేమీ లేదు. మా ఇంట్లో హాల్లో గడియారం కూడా అంతే, మీ ఇంట్లోనూ అంతే అయి ఉంటుంది.

ఇంక అక్కడ కాలెండర్ల డిజైన్లు చేసే అమ్మాయి ఒకరు. ఆమెది బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. వాళ్ళ నాన్నగారు చేపల వ్యాపారం చేస్తారు. ఆమె వచ్చాక ఆ ప్రెస్సు కాలెండర్ల రూపమే మారిపోయింది. అంతకు ముందు ప్రతి కాలెండర్లోనూ ఒకే రోజాపువ్వు, ఒకే జలపాతం. ఆమె కొల్లేటి పక్షుల్నీ, వరి కోతల్నీ, వలలు ఆరబెట్టుకునే రేవుల్నీ పెట్టింది. డీలర్లు అడిగి మరీ వేయించుకున్నారు. దాంతో యజమాని ఆమెను డిజైన్ విభాగానికి పెద్దను చేసి, ఏం కావాలో అడిగితే ఆమె మాక్ కంప్యూటర్లు కావాలంది. ఖరీదెక్కువైనా కొన్నారు. ఆ కొనడం ఆమె మాట మీదే జరిగిందని ప్రెస్సులో అందరికీ తెలుసు.

మాక్‌లు వచ్చాయి. నేనే వెళ్ళి సర్వర్‌కి కలిపాను. బ్రహ్మాండంగా పనిచేశాయి. మర్నాడు పొద్దున్నే ఫోను. "సార్, ఫైళ్ళు తెరుచుకోవట్లేదండీ. కనెక్ట్ కాలేమని చెబుతోంది." మధ్యాహ్నం చేతిలో పని ముగించుకుని వెళ్ళాను. నేను వెళ్ళేసరికి చక్కగా తెరుచుకున్నాయి. ఆ తర్వాతి రోజు మళ్ళీ ఫోను. మళ్ళీ మధ్యాహ్నం వెళ్ళాను, మళ్ళీ తెరుచుకున్నాయి. డాక్టరు గదిలోకి అడుగు పెట్టగానే తగ్గిపోయే పంటి నొప్పి ఉంటుందే, అలాంటి జబ్బు.

"పొద్దున పూటే ఆగిపోతున్నాయండీ" అని ఆ అమ్మాయి చెప్పింది. పొద్దున పూట నాకు ఆస్పత్రుల పని తప్పేది కాదు. పొద్దున అందరూ ఒకేసారి కంప్యూటర్లు ఆన్ చేస్తారు కాబట్టి నెట్‌వర్కు మీద భారం పడుతోందనుకున్నాను. కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్చి మార్చాను. కేబుళ్ళు మార్చాను. ఆమె పాస్‌వర్డు మార్చాను. ఫోల్డరు అనుమతులన్నీ తీసి మళ్ళీ ఇచ్చాను. మాక్‌ని సర్వర్ నుంచి విడదీసి మళ్ళీ కలిపాను. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా ఒక జంట కోసం అన్నిసార్లు తిరిగి ఉండడు. విచిత్రమేమిటంటే అదే ప్రెస్సులో ఉన్న విండోస్ కంప్యూటర్లు ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అక్కౌంట్సు వాళ్ళకీ అచ్చు ప్లేట్లు చేసే గదికీ ఏ ఇబ్బందీ లేదు. ఆగిపోయేవి మాక్‌లు మాత్రమే.

దాంతో మాటలు మొదలయ్యాయి. "పాత కంప్యూటర్లతో ఇన్నేళ్ళూ చేయలేదా?" అని ఒకరు. "ఫ్యాషన్ మెషీన్లండీ, మన ప్రెస్సుకి సరిపడవు" అని ఇంకొకరు. సీజను నెత్తిన పడింది. పొద్దునంతా డిజైన్ గది ఖాళీగా కూర్చునేది, మధ్యాహ్నం నుంచి పరుగులు పెట్టేది. ప్లేట్లు వెనకబడి, అచ్చు మెషీన్లు ఆగి, పార్సిళ్ళు ఆలస్యమయ్యేవి. బాబాయిగారు కూడా ఒకటి రెండుసార్లు అందరి ముందూ, "తెలియని గుర్రాన్ని లాయంలోకి తెచ్చావమ్మాయ్" అన్నారు. ఆయన మనసులో ద్వేషం లేదు. బస్సు తప్పిపోతుందన్న భయం ఆయన్ని అలా మాట్లాడించింది. ఆమె మాత్రం తల దించుకుని వెళ్ళిపోయేది.

చివరికి యజమాని నన్ను పిలిచి మొహమాటం లేకుండా చెప్పేశారు.

"ఇంజినీరు గారూ, మీరు శ్రమ పడుతున్నారు, కాదన్ను. కానీ నా కాలెండర్లు ఆగుతున్నాయి. హైదరాబాద్‌లో ఒక డిజైన్ కంపెనీతో మాట్లాడాను. శుక్రవారం పదకొండు గంటలకి వాళ్ళు ఫోన్ చేస్తారు. ఈలోపు తేలితే సరే. తేలకపోతే పని వాళ్ళకిచ్చేసి, ఇక్కడ డిజైన్ విభాగం ఎత్తేస్తాను."

"మరి ఆ అమ్మాయి అండీ?"

"విభాగమే లేకపోతే ఇంకేముందండీ" అని ఆయన కిటికీ వైపు చూశారు. ఆయనకీ ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నది అప్పుడే. మా కంపెనీకి ఒక ఖాతాదారు పోతే ఇంకొకరు వస్తారు. ఆ అమ్మాయి సంగతి అలా కాదు. ఇంట్లో వాళ్ళని ఒప్పించి ఊరు దాటి వచ్చి, ఒక విభాగానికి పెద్ద అనిపించుకుంది. మెషీన్లు తెప్పించి చెడగొట్టిందన్న పేరుతో తిరిగి వెళితే రెండోసారి పంపిస్తారో లేదో. నా చేతకానితనం ఆమె మీద పడుతోందని నాకు నిజంగా బాధేసింది.

శుక్రవారం పొద్దున ఆస్పత్రి కాల్స్ అన్నీ ఇంకొకరికి అప్పగించి, ప్రెస్సు తలుపులు తీసే వేళకే వెళ్ళాను. అన్నిసార్లు వెళ్ళినా పొద్దున పూట వెళ్ళడం అదే మొదలు. ఆ అమ్మాయి అప్పటికే వచ్చి ఉంది. మాక్ ఆన్ చేసింది. సర్వర్ మీద నొక్కింది. కనెక్ట్ కాలేమని వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎన్నాళ్ళకో దొంగ ఎదురుపడ్డాడు, పట్టుకోవడమే తెలియదు.

ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. కేబుల్ బాగుంది, పాస్‌వర్డు సరైనదే, సర్వర్ కనిపిస్తోంది, పలుకుతోంది, తలుపు మాత్రం తీయట్లేదు. ఇక సర్వర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేద్దామని, బాబాయిగారి గదిలోకి వెళ్ళాను. ఆ అమ్మాయీ వెనకే వచ్చింది. యజమాని కూడా గుమ్మం దగ్గర నిలబడ్డారు, చేతిలో ఫోను. అంతలో గోడ గడియారం పదకొండు కొట్టింది.

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. బాబాయిగారు అది చూసి జాలిపడ్డారు.

"కంగారు పడకమ్మా. ఇంకా పది నిమిషాలుంది. అది మన గడియారం కదా."

అందరం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాం. నేనూ మనసులో పది తీసేసుకుని, ఇంకా కాస్త టైముందనుకుంటూ సర్వర్ తెర వైపు తిరిగాను. కింద మూలన టైము కనిపించింది. పదకొండు. గోడ గడియారంతో సమానంగా, ఒక్క నిమిషం తేడా లేకుండా.

నా చేయి మౌస్ మీదే ఆగిపోయింది.

ఇక్కడ కాస్త పని విషయం చెప్పాలి, ఓపిక పట్టండి. సర్వర్ దగ్గరికి ఏ కంప్యూటరు వచ్చినా అది ముందు ఒక టికెట్టు చూపించాలి. గుడిలో దర్శనం టికెట్టు మీద టైము వేసినట్టే దీని మీదా టైము ఉంటుంది. ఇద్దరి గడియారాలకీ ఓ అయిదు నిమిషాల తేడా ఉంటే సర్వర్ సర్దుకుపోతుంది. అంతకు మించితే ఇదేదో దొంగ టికెట్టని తోసేస్తుంది. పాత పద్ధతిలో వట్టి పాస్‌వర్డుతో లోపలికి పంపే దారి ఒకటుండేది. వైరసుల భయంతో అది మేమే మూసేశాం. ప్రెస్సులోని విండోస్ కంప్యూటర్లు సర్వర్ టైమునే తమ టైముగా తీసుకుంటాయి. అది ఎటు నడిస్తే అవీ అటే నడుస్తాయి కాబట్టి వాటికి గొడవే లేదు. మాక్‌లు మాత్రం ఇంటర్నెట్ నుంచి అసలు టైము తెచ్చుకుంటున్నాయి. వాటి లెక్కలో ఇంకా పదకొండు కాలేదు.

"బాబాయిగారూ, ఈ సర్వర్లో టైము ఎవరైనా మారుస్తున్నారా?" అని నెమ్మదిగా అడిగాను.

"నేనేనండీ" అన్నారు ఆయన, కాస్త గర్వంగానే. "మీ సర్వర్ రోజూ మధ్యాహ్నానికి వెనక్కి పడిపోతోంది. పొద్దున్నే దీపం పెట్టి, గడియారాలతో పాటు దీన్ని కూడా సరిచేసేస్తున్నాను. మీకు శ్రమ ఎందుకని చెప్పలేదు."

వెనక్కి పడిపోవడం కాదది. ఇంటర్నెట్ చూసి టైము దిద్దుకోమని సర్వర్‌కి నేనే చెప్పి ఉంచాను. పాపం అది మధ్యాహ్నానికల్లా దిద్దుకునేది, పొద్దున్నే ఆయన దాన్ని ముందుకి జరిపేవారు. వాళ్ళిద్దరి మధ్య ఆ అమ్మాయి నలిగిపోయింది. ఆ గడియారాలు ముందున్నాయని ఆ ప్రెస్సులో తెలియని మనిషి లేడు. తెలుసు కాబట్టే ఎవరం పట్టించుకోలేదు. చూసినప్పుడల్లా మనసులో పది తీసేసుకునేవాళ్ళం, సర్వర్‌కి ఆ అలవాటు లేదు.

టైము వెనక్కి జరిపాను. ఆ అమ్మాయిని వెళ్ళి చూడమన్నాను. పరుగెత్తుకుంటూ వెళ్ళింది. "తెరుచుకుందండీ!" అన్న కేక వరండా అంతా వినిపించింది. నాకు ఆనందం ఆగలేదు. నా ముఖం చూసి, ఆ అమ్మాయి కేక విని బాబాయిగారికి విషయం అర్థమైపోయింది. ఆయన కుర్చీ చేతి మీద చేయి పెట్టుకుని అలాగే నిలబడిపోయారు.

యజమాని నన్ను తన గదిలోకి పిలిచారు. "ఏంటండీ లోపం?"

ఆయన వెనకే బాబాయిగారు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ వయసులో ఆయన్ని పట్టి ఇవ్వడానికి నాకు నోరు రాలేదు. "టైముకి సంబంధించిన చిన్న తేడా అండీ, సర్దేశాను" అన్నాను.

"చిన్న తేడాకి ఇన్ని రోజులా? ఇవాళ సర్దారు. రేపు పొద్దున మళ్ళీ ఆగదని నమ్మకం ఏంటండీ? ఆ మెషీన్లలోనే ఏదో ఉంది. మొదటినుంచీ నా అనుమానం అదే." ఆయన ఫోను బల్ల మీద పెట్టుకుని, ఎప్పుడు మోగుతుందా అని దాని వంక చూస్తున్నారు.

ఆయన్ని తప్పుపట్టలేను. నేను చెప్పిన డొంకతిరుగుడు మాటకి ఎవరైనా అలాగే అనుకుంటారు. బాబాయిగారిని కాపాడదామనుకుంటే అమ్మాయి పోతోంది.

"ఆగదు" అన్నారు బాబాయిగారు తలుపు దగ్గర నుంచి. "ఇన్నాళ్ళూ ఆపింది నేనే."

యజమాని తలెత్తి చూశారు. బాబాయిగారు లోపలికొచ్చి మొత్తం చెప్పారు. నేను కూడా అంత విడమరిచి చెప్పలేకపోయేవాణ్ణి. ఒక్కచోట కూడా తనకు తెలియకపోవడం వల్ల జరిగిందని సర్దిచెప్పుకోలేదు. "మీ నాన్నగారి రోజుల్నుంచీ ఈ గడియారాలు నా చేతిలోనే ఉన్నాయి. అదీ గడియారమే అనుకున్నాను. మెషీన్లది తప్పు కాదు, అమ్మాయిది అంతకంటే కాదు. మీరేం నిర్ణయం తీసుకున్నా నామీద తీసుకోండి."

ఆయన మీద నాకు కలిగిన కృతజ్ఞత ఇప్పటికీ అలాగే ఉంది. చాలా చోట్ల చాలా తప్పులు చూశాను. తప్పు బయటపడగానే ప్రతివాడూ పక్కవాడి వైపు చూడటం చూశాను, నావైపు చూసినవాళ్ళూ ఉన్నారు. ఎవరూ అడగకముందే తానే ముందుకొచ్చిన మనిషిని నా ఉద్యోగంలో ఈయన్నొక్కరినే చూశాను. ఈ మాట ఆయనతో తర్వాత ఎప్పుడో అన్నాను కూడా. "ఊరుకోండి సార్, కాఫీ తాగండి" అన్నారు.

యజమాని ఫోను పక్కకి జరిపారు. తర్వాత, "కూర్చోండి బాబాయ్. ఇంజినీరు గారు వెళ్ళి అమ్మాయికి చెబుతార్లెండి" అన్నారు.

"వద్దు. మాటలు పడింది ఆ పిల్ల. చెప్పాల్సింది నేను" అని ఆయన బయలుదేరారు, నేనూ వెంట వెళ్ళాను.

డిజైన్ గది ఏసీ గది. ఆయన ఎప్పుడూ అందులోకి వెళ్ళేవారు కాదు, చలి పడదనేవారు. ఆ రోజు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళారు. ఆమె గబుక్కున లేచి నిలబడింది.

"అమ్మాయ్, నీ మెషీన్లలో ఏ లోపమూ లేదు. నేను రోజూ పొద్దున్నే సర్వర్ టైము ముందుకి జరుపుతున్నాను. దానివల్లే ఇదంతా. నిన్ను అందరి ముందూ మాటలన్నాను. అదీ నా తప్పే. ఏమీ అనుకోకమ్మా" అని చేతులు జోడించబోయారు.

ఆమె ఆ చేతులు పట్టుకుని ఆపేసింది. "అయ్యో, బాబాయిగారూ, మీరు అలా చెయ్యకండి" అంటుండగానే కళ్ళు నిండిపోయాయి. "నేనసలు మధ్యాహ్నం బస్సుకి ఇంటికెళ్ళిపోదామని బట్టలు సర్దుకొచ్చేశానండీ" అంది. అప్పుడు చూశాం, కుర్చీ పక్కన ఉబ్బిపోయిన బ్యాగొకటి.

ఆమె కళ్ళు తుడుచుకుని, పక్కనున్న కుర్చీ లాగింది. "కూర్చోండి. ఇదిగో, కార్తీకం పేజీ ఇప్పుడే తెరుచుకుంది. వర్జ్యాలు ఒకసారి చూసిపెట్టండి. మీరు చూడందే నేను ప్లేటుకి పంపను."

ఆయన కూర్చుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. తెర మీద తెల్లటి కొంగల బారు, దాని కింద తేదీలు. ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి చదువుతుంటే, ఆమె పక్కన నిలబడి వింటోంది.

అప్పుడు యజమాని చేతిలో ఫోను మోగింది. ఆయన మా వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారని నాకు అప్పుడే తెలిసింది. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని, వాళ్ళిద్దరినీ చూస్తూనే మాట్లాడారు.

"నమస్తే అండీ... ఆ, చెప్పాను, నిజమే... లేదండీ, అక్కర్లేదు. మా డిజైనరు ఇక్కడే ఉన్నారు. మా కాలెండర్లు మావాళ్ళే చేసుకుంటారు."

ఆ అమ్మాయి వెనక్కి తిరగలేదు. బాబాయిగారు చదువుతున్న గడి మీదే చూపు నిలిపి, కాలితో ఆ బ్యాగును బల్ల కింద గోడ దాకా తోసేసింది.